అమ్మను కూర్చోబెట్టకండి



“నువ్వు కూర్చో అమ్మా, నేను చూసుకుంటాగా!” డెబ్బై దాటిన తల్లి ఉన్న ఇంట్లో రోజుకు పదిసార్లు వినిపించే మాట ఇది. నాన్నగారితోనైతే “ఈ ఎండలో మీకెందుకు నాన్నా బజారు తిరుగుళ్లు, ఫోన్ చేస్తే ఇంటికే తెచ్చిస్తారు” అంటాం. రెండు మాటల్లోనూ ప్రేమే ఉంది, కాదనను. కాకపోతే ఆ ప్రేమ చాటున చీపురు, గరిటె, కూరల సంచీ, బీరువా తాళం ఒక్కొక్కటే వాళ్ల చేతుల్లోంచి పోతుంటాయి.

నేను ఫిజియోథెరపిస్టుని. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు ఇంటికి వెళ్లి మళ్లీ నడక నేర్పడం నా పని. మనిషిని కూర్చోబెట్టి కాపాడలేమని ఈ పనిలో నాకు బాగా తెలిసొచ్చింది. పని లేని కాలు కండ కోల్పోతుంది. కండ తగ్గిన కాలు గడప దగ్గర తడబడుతుంది. ఒకసారి తడబడ్డాక భయం పట్టుకుంటుంది, ఆ భయంతో ఇంకాస్త ఎక్కువ కూర్చుంటారు. అందుకని మార్చాల్సింది ఇంటిని. పెద్దవాళ్ల దినచర్యను కుదిరినంతవరకు వాళ్లకే వదిలేయాలి. ఈ పూట నేను చెప్పబోయేదంతా దీని గురించే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 6,84,000 మంది కింద పడి చనిపోతున్నారు. ప్రమాదాల్లో గాయపడి పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. వాళ్లలో అరవై దాటినవాళ్లే ఎక్కువ. హెల్మెట్ గురించి మనం ఇంత మాట్లాడుకుంటాం, బాత్రూమ్ గచ్చు గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు.

ఇంకో సంగతి. పెద్దవాళ్లు పడిన ప్రతిసారీ మనకు తెలుస్తుందనుకోకండి. మోచెయ్యి కమిలితే “గోడకు తగిలింది” అంటారు. పక్కింటావిడకు నిజం చెప్పి, “మా అబ్బాయికి మాత్రం చెప్పకమ్మా” అని మాట తీసుకుంటారు. ఎందుకు దాస్తారు? చెబితే మర్నాటి నుంచి గుడికి వెళ్లనివ్వరని, మేడ ఎక్కనివ్వరని, పొయ్యి దగ్గరకు రానివ్వరని. మనం కోప్పడితే వాళ్లు దాస్తారు, వాళ్లు దాస్తే ఇంట్లో లోపం అలాగే ఉండిపోతుంది. కాబట్టి ఎవరైనా పడ్డారని తెలిసినప్పుడు “ఎందుకెళ్లావు?” అనకండి. ఎక్కడ పడ్డావు, ఏ వేళప్పుడు, ఏం పట్టుకోబోయావు, కళ్లు తిరిగాయా, కాలు జారిందా? ఇవి అడగండి. జారి పడటం వేరు, కళ్లు తిరిగి పడటం వేరు. మొదటిదానికి తాపీమేస్త్రి కావాలి, రెండోదానికి డాక్టరు కావాలి.

ఇక బాత్రూమ్‌లోకి వెళదాం. ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను, ఏమీ అనుకోకండి.

మన స్నానాల గదుల్లో తడి ఆరదు. పైన నున్నటి టైల్సు. తలంటు రోజున నూనె పాదాల కిందికి కూడా దిగుతుంది. కుంకుడురసం కళ్లలో పడుతుందని కళ్లు గట్టిగా మూసుకుంటారు. కళ్లు మూసుకుంటే ఎంత వయసులో ఉన్నవాడికైనా ఒళ్లు కొంచెం తూలుతుంది, ఎనభై ఏళ్ల మనిషికి ఇంకా తూలుతుంది. ఆ క్షణంలో చెయ్యి దేన్ని పట్టుకుంటుంది? తువ్వాలు వేసుకునే రాడ్డునో, కుళాయినో. తువ్వాలు రాడ్డు తువ్వాలును మోయడానికి పెట్టింది, మనిషి బరువు పడితే మేకులతో సహా ఊడొస్తుంది. దాని స్థానంలో గోడలోకి గట్టిగా బిగించిన స్టీలు కడ్డీలు కావాలి. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి, గుమ్మం దగ్గర ఒకటి. ఎత్తు ఎంత ఉండాలని మేస్త్రి అడుగుతాడు. కొలతలు నన్ను అడగొద్దు, ఆ గది వాడే మనిషినే అడగండి. అమ్మను ఒకసారి కమోడ్ మీద కూర్చుని లేవమనండి. లేచేటప్పుడు చెయ్యి సహజంగా గోడ మీద ఎక్కడికి పోతుందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. కడ్డీ అక్కడే రావాలి.

నిలబడి స్నానం చేయడం మాన్పించి, రబ్బరు కాళ్లున్న గట్టి స్టూలు వేయండి. పాత చెక్కపీట వద్దు, అంత కిందికి కూర్చుని లేవడమే ఒక పరీక్ష. బకెట్లోకి వంగి చెంబు ముంచే బదులు చేతిలో పట్టుకునే షవర్ ఉంటే నడుముకు హాయి. గొంతుక్కూర్చునే పాత దొడ్డి ఇంకా ఉన్న ఇళ్లలో దాని మీద అమర్చే కుర్చీ మందుల దుకాణాల్లోనూ సర్జికల్ సామాన్ల దుకాణాల్లోనూ దొరుకుతుంది. కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేలకు ఆనాలి, తుంటి మోకాలి కంటే కిందికి పోకూడదు. ఈ నియమం మంచానికీ కుర్చీకీ కూడా వర్తిస్తుంది. లోతుగా కుంగిపోయే నవారు మంచాలు, మనిషిని మింగేసే మెత్తటి సోఫాలు పెద్దవాళ్లకు పనికిరావు, ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే.

తలుపు సంగతి. చాలా ఇళ్లలో బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. లోపల మనిషి పడిపోతే ఆ ఒళ్లే తలుపుకు అడ్డం పడుతుంది, బయటివాళ్లు తోయలేరు. తలుపును బయటికి తెరుచుకునేలా మార్పించండి. గడియ కూడా బయటినుంచి తీయగలిగే రకం పెట్టించండి. “తలుపు వేసుకోకు” అని మాత్రం చెప్పకండి. ఎనభై ఏళ్లొచ్చినా మనిషికి మానం, మర్యాద ఉంటాయి. లోపల ఉన్నప్పుడు తలుపు మీద ఒక తువ్వాలు వేసుకోవాలని ఇంట్లో అందరూ ఒక అలవాటు పెట్టుకుంటే సరిపోతుంది.

రాత్రిపూట మంచం నుంచి బాత్రూమ్ దాకా ఉన్న పది అడుగులు పగటిపూట ఉన్న పది అడుగులు కావు. నిద్రమత్తు, చీకటి, కళ్లజోడు ఎక్కడో, కాలికింద జారే పట్టా, ఫోన్ చార్జరు తీగ. పట్టాలు, తీగలు తీసేయండి. మనిషి కదలికను పసిగట్టి వెలిగే చిన్న దీపాలు రెండు ఆ దారిలో పెట్టండి. కరెంటు పోయే ఊళ్లలో దిండు పక్కన టార్చి ఉండాలి. రాత్రి లేవాల్సి వస్తుందని కొందరు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. మన వేసవిలో అది ప్రమాదం, ఒంట్లో నీరు తగ్గితే మర్నాడు నిలబడగానే కళ్లు తిరుగుతాయి. ఒంట్లో నీరు తీసే మాత్ర రాత్రి వేసుకుంటున్నారేమో చూడండి. దాన్ని ఉదయానికి మార్చుకోవచ్చేమో డాక్టరునే అడగండి, సొంతంగా మార్చకండి.

మాత్రల మాట వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. గుండె డాక్టరు రాసినవి కొన్ని, షుగరు డాక్టరు రాసినవి కొన్ని, మోకాళ్లకు ఎవరో బంధువు చెప్పినవి కొన్ని, పాతవి మానకుండా అలాగే వాడుతున్నవి ఇంకొన్ని. ఏడాదికి ఒకసారైనా ఆ డబ్బా మొత్తాన్ని సంచిలో వేసుకుని ఒకే డాక్టరు ముందు కుమ్మరించండి. నిద్రమాత్రలు, మగత తెచ్చే జలుబు మాత్రలు, బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు పడిపోవడానికి కారణమయ్యే వాటిలో ముఖ్యమైనవి. బీపీని కూర్చోబెట్టి చూసి పంపేస్తే చాలదు. పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూడాలి. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే ఆ మనిషి మంచం దిగిన ప్రతిసారీ పడే ప్రమాదం ఉందన్నమాట. నిద్రలేవగానే గబుక్కున దిగకుండా, కాళ్లు కిందికి వేలాడేసి ఒక నిమిషం కూర్చుని, పాదాలు నాలుగుసార్లు ఆడించి లేవడం అందరికీ మంచిది.

వంటింట్లో కొట్టొచ్చినట్టు కనిపించేది ఆవకాయ జాడీ. ఎప్పుడూ పై అరలోనే ఉంటుంది. దానికోసం ప్లాస్టిక్ స్టూలు ఎక్కుతారు. రోజూ వాడేవన్నీ నడుముకీ భుజానికీ మధ్య అందేలా సర్దండి. సర్దేది మీరే అయినా ఏది ఎక్కడుండాలో చెప్పేది అమ్మే కావాలి. లేకపోతే వారం తిరక్కుండానే అన్నీ పాత చోటికే చేరతాయి, అందులో ఆవిడ తప్పేమీ లేదు. గ్యాస్ గొట్టం మీద గడువు అచ్చువేసి ఉంటుంది, అయిదేళ్లకోసారి మార్చాలి. గ్యాస్ వాసన వస్తే పిలవాల్సిన నంబరు 1906, దాన్ని ఫ్రిజ్ మీద పెద్ద అంకెలతో అతికించండి. కుక్కర్ విజిల్ వినపడనివాళ్లకు, పొయ్యి మీద పెట్టి మరిచిపోయేవాళ్లకు సమయం పెట్టుకుంటే తనంతట తాను ఆగిపోయే కరెంటు పొయ్యి నయం. వంట మాన్పించడం కంటే పొయ్యి మార్పించడం తేలిక.

ఇంటి ముందర సంగతి మనం అసలు పట్టించుకోం. పూర్వం మట్టి వాకిలి మీద కళ్లాపి చల్లేవాళ్లు, నీళ్లు ఇంకిపోయేవి. ఇప్పుడు నునుపైన గ్రానైట్ మెట్లు వేయించి, వాటి మీద బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తున్నాం. ధనుర్మాసంలో తెల్లవారకముందే, పొగమంచులో ఆ తడి మెట్లు దిగి ముగ్గు వేయడానికి ఒంగే ఆవిడను ఊహించండి. ముగ్గు మానేయమంటే ఆవిడ మానదు, మానకూడదు కూడా. మెట్టు అంచున గరుకు పట్టీలు అతికించి, పక్కన పట్టుకోవడానికి కమ్మీ పెట్టించి, గుమ్మం ముందు లైటు వేయించి, కడిగిన నీళ్లు తుడిచాకే దిగేటట్టు చేస్తే ఆ పని నిశ్చింతగా సాగుతుంది. చీపురుకు పొడవాటి కర్ర కట్టుకుంటే ఒంగే పని సగం తప్పుతుంది. దేవుడి గదిలో దీపం నేల మీద ఉంటే పమిట చెంగు దాని మీదికి వాలే ప్రమాదం ఉంది, కాస్త ఎత్తున పెట్టి ముందు కుర్చీ వేయండి. దేవుడికి అభ్యంతరం ఉండదు.

ఇల్లు ఎంత బాగుచేసినా కాళ్లలో సత్తువ లేకపోతే లాభం లేదు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు పెద్దవాళ్లు ఇంట్లోనే చేసుకునే వ్యాయామాలు కొన్నింటిని తయారుచేసి పరీక్షించారు. కాళ్లకు బలమిచ్చేవి కొన్ని, నిలకడ పెంచేవి కొన్ని, రోజూ కాస్త నడక. ఆ పరీక్షల్లో పడిపోవడాలు సుమారు 35 శాతం తగ్గాయి. ఏ మందూ ఈ పని చేయలేదు. మన ఇళ్లలో చేసుకోదగ్గవి మూడు చెబుతాను. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులు వాడకుండా లేచి కూర్చోవడం. వంటగది గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించడం. అదే గట్టు పట్టుకుని ఒక కాలి మీద కొన్ని క్షణాలు నిలబడటం. కూర ఉడికేలోపు మూడూ అయిపోతాయి. మొదట్లో పక్కన ఒక మనిషి ఉండాలి. గుండె జబ్బు, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పి మొదలుపెట్టాలి.

ఒక చిన్న పరీక్ష కూడా ఇంట్లో చేసుకోవచ్చు. కుర్చీ నుంచి పది అడుగుల దూరంలో నేల మీద గీత గీయండి. లేచి, ఆ గీత దాకా మామూలుగా నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే పడే ప్రమాదం ఎక్కువని అర్థం. ఈ అంకె చూసి పెద్దవాళ్లను మంచానికి కట్టేయకండి, వ్యాయామం మొదలుపెట్టించండి.

ఇన్ని చేసినా ఎప్పుడో ఒకప్పుడు పడొచ్చు. పడ్డవెంటనే చంకల్లో చేతులేసి లాగేయడం మన అలవాటు. ఆగండి. ముందు మాట్లాడించండి. ఒక కాలు పొట్టిగా కనబడినా, పాదం బయటికి తిరిగి ఉన్నా, కాలు కదిపితే గజ్జల్లో నొప్పి అన్నా కదిలించకుండా దుప్పటి కప్పి 108కి ఫోన్ చేయండి. తలకు దెబ్బ తగిలి, ఆ మనిషి రక్తం పల్చబడే మందులు వాడుతుంటే బయటికి ఏమీ కనిపించకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దెబ్బ ఏమీ లేకపోతే వాళ్లంతట వాళ్లు లేచే పద్ధతి ఒకటుంది. పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ల మీద పాకుతూ గట్టి కుర్చీ దాకా వెళ్లి, దాని మీద చేతులు ఆనించి, ముందు బలమైన కాలి పాదాన్ని నేలకు ఆనించి పైకి లేవడం. ఈ పద్ధతిని ఒళ్లు బాగున్నప్పుడే పరుపు మీద సాధన చేయిస్తాను నేను. లేవడం వచ్చని తెలిస్తే పడతామన్న భయం సగం పోతుంది. ఒంటరిగా ఉండేవాళ్లకు ఇది ఇంకా అవసరం, ఎందుకంటే ఎముక విరగకపోయినా గంటల తరబడి నేల మీద పడి ఉండటంవల్ల వచ్చే కష్టాలు చాలా ఉంటాయి.

ఒంటరితనం మాటకొస్తే, ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు కూడా ఉంటారు. ఈ మధ్య అబ్బాయి సెలవుల్లో వచ్చి హాల్లో కెమెరా బిగించి వెళుతున్నాడు. డాలస్‌కూ మనకూ కాలాన్ని బట్టి పదిన్నర, పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ నాన్న పడేవేళకు అక్కడ అబ్బాయి ఆఫీసులోనో నిద్రలోనో ఉంటాడు. కెమెరా చూస్తుంది గాని లేపదు. అడిగి పెడితే నాకు అభ్యంతరం లేదు, అడక్కుండా పెడితే మాత్రం అది కాపలా. పడకగదిలో ఎలాగూ వద్దు. కెమెరా కంటే పక్కింటివాళ్ల దగ్గర ఒక మారు తాళంచెవి ఉండటం ఎక్కువ విలువైనదని నా అభిప్రాయం. కొన్ని అపార్ట్‌మెంట్లలో చక్కటి ఏర్పాటు చేసుకున్నారు. ఎనిమిది దాటినా గుమ్మానికి తగిలించిన సంచిలో పాలప్యాకెట్టు అలాగే ఉంటే పక్క ఫ్లాటువాళ్లు బెల్లు కొడతారు. దీనికి ఖర్చు లేదు, పెద్దవాళ్ల పరువుకూ లోటు లేదు. స్మార్ట్ ఫోన్ వాడేవాళ్లకు ఆపద బటన్ ఎలా నొక్కాలో నేర్పండి. ఫోన్ బల్ల మీద వదిలేసి తిరిగితే అది పనికిరాదు, చొక్కా జేబులోనో మెడలో సంచిలోనో ఉండాలి.

సొంత ఇంట్లో సొంతంగా బతకడానికి కాళ్లతో పాటు డబ్బు మీద పట్టు కూడా ఉండాలి. ప్రభుత్వ పింఛనుదారులు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కోసం ట్రెజరీకో బ్యాంకుకో వెళ్లనక్కర్లేదు, ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ ద్వారా ఇవ్వొచ్చు, పోస్ట్‌మ్యాన్‌ను ఇంటికి పిలిపించుకునైనా ఇవ్వొచ్చు. డెబ్బై నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం 2024 అక్టోబరు నుంచి అందుబాటులోకి వచ్చింది. ఫోన్లో పోలీసులమని బెదిరించి “డిజిటల్ అరెస్ట్” అనేవాళ్లు మోసగాళ్లే, మన చట్టంలో అటువంటి అరెస్టు లేదు. వెంటనే 1930కి చెప్పాలి.

ఇల్లు పిల్లల పేర రాసేముందు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ గురించి తెలుసుకోండి. మమ్మల్ని చూసుకోవాలి, మా అవసరాలు తీర్చాలి అన్న షరతుతో రాసిచ్చాక పిల్లలు మాట తప్పితే ఆ రాత చెల్లదని ప్రకటించమని ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. ఆ షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోండి, సిగ్గుపడకండి. పింఛను, చట్టం, వేధింపు, ఏ సందేహమైనా ఎవరిని అడగాలో తోచకపోతే 14567 అనే ఎల్డర్‌లైన్ ఉంది, పైసా ఖర్చు లేదు.

చివరగా చేతికర్ర. “నాకింకా కర్ర పట్టే వయసు రాలేదు” అంటారు నాన్నగారు, ఎనభై రెండేళ్ల వయసులో. బలవంతంగా తెచ్చి చేతిలో పెడితే అది తలుపు మూలకే చేరుతుంది. ఆయన్ను దుకాణానికి తీసుకెళ్లి, నచ్చింది ఆయన్నే ఎంచుకోనివ్వండి. చెప్పులతో నిటారుగా నిలబడి చేతులు వదిలేసినప్పుడు మణికట్టు గీత దగ్గరకు కర్ర పిడి రావాలి, పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొంచెం వంగాలి. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. కర్ర, నొప్పి ఉన్న కాలు కలిసి ముందుకు పడాలి, ఆ తర్వాత మంచి కాలు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. కర్ర కింద రబ్బరు తొడుగు అరిగిపోయి నున్నగా అయిందేమో నెలకోసారి తిరగేసి చూడండి. కొత్తది సర్జికల్ దుకాణంలో కొద్ది రూపాయలకే వస్తుంది, వెళ్లినప్పుడు రెండు కొని ఉంచుకోండి.